గొడుగు పట్టిన చెయ్యి

వంటశాల చకోరం చచ్చిపోయింది.

రాజుగారి అన్నం ముందు దానికి పెట్టేవాళ్ళు. అన్నంలో విషం ఉంటే దాని కళ్ళు ఎర్రబడతాయి. అదే దాని ఉద్యోగం. విదిశ కోట వేగు శాఖలో లంచం తినకుండా పనిచేసిన ప్రాణి అదొక్కటే. ఒకనాడు పొద్దున చూస్తే పంజరంలో కాళ్ళు పైకి పెట్టి పడుంది. ముసలితనం అని రాసుకున్నారు. మూడేళ్ళ పిట్టకి ముసలితనమేమిటని ఎవడూ అడగలేదు. కొత్త పిట్ట కావాలని వంటశాల అధికారి పైకి రాశాడు. ఆ పైవాడు ఇంకా పైకి రాశాడు. పంజరం ఖాళీగా వేలాడుతూనే ఉంది.

ఆ తర్వాత ఏడో రోజున వసుల దువ్వెన కొనడానికి దంతపు పనివాళ్ళ వీధికి వెళ్ళింది.

వసుల రాజుగారి గణిక. కొలువులో ఆమె పని వెల్లగొడుగు పట్టడం, గొడుగు కింద ఉన్నంతసేపు నోరు విప్పకపోవడం. పదేళ్ళుగా ఆ రెండు పనులూ తప్పు లేకుండా చేస్తోంది. ఆమె చేసే మూడో పని ఒకటుంది. అది ఆ వీధి చివరి కొట్లో కూర్చున్న పుష్యగిరికి మాత్రమే తెలుసు.

పుష్యగిరి ఒళ్ళో దంతం పెట్టుకుని ఆకురాయితో గీస్తున్నాడు. తల ఎత్తలేదు.

"సన్న పళ్ళదా, దొడ్డ పళ్ళదా?"

"పేను జారిపోనంత సన్నం," అంది వసుల.

"అలాంటివి లోపల ఉన్నాయి. రా అమ్మాయ్."

లోపల చీకటిగా ఉంది. దంతం పొడి వాసన. పుష్యగిరి గోనెపట్టా దించి, అప్పుడు మనిషిలా మాట్లాడాడు.

"మాసక్ తెలుసుగా. కాంబోజం నుంచి నలభై గుర్రాలు తోలుకొచ్చినవాడు."

"తెలియకేం. రాజుగారు పెళ్ళాల పేర్లు మర్చిపోతారు గానీ వాడి గుర్రాల పేర్లు మర్చిపోరు."

"నోరు. వాడు అభిషేకం పండక్కి కానుక పంపాడు. ఏం పంపాడో చెప్పు చూద్దాం."

"గుర్రం."

"చందనం. నూరిన ముద్ద. కుండెడు." పుష్యగిరి మీసం మీద దంతం పొడి తుడుచుకున్నాడు. "మంచు కొండల అవతలివాడు. చందనం పండేది దక్షిణాదిలో. ఊళ్ళో గుర్రాలమ్ముకునేవాడికి దక్షిణాది చెక్క ఎక్కడిది? ఉన్నా, నూరి మరీ ఎందుకిచ్చాడు? హద్దు అవతలి యవన రాజు మన రాజుగారి మీద పళ్ళు నూరుతున్నాడని నీకు వేరే చెప్పక్కర్లేదు. పండగ ఇంకా ఐదు రోజులు. వాడి బిడారానికి వెళ్ళు. ఆడు, పాడు, ఏదో చెయ్యి. చూసి రా."

"వెళ్ళనంటే?"

ఊరికే అడిగింది. పదేళ్ళుగా ప్రతిసారీ అడుగుతూనే ఉంది.

"వెయ్యి కొరడా దెబ్బలు," అన్నాడు పుష్యగిరి, వాతావరణం చెప్పినట్టు. "దువ్వెన తీసుకో. ఊరికే వెళ్తే బయటివాళ్ళు చూస్తారు."

*

మాసక్ బిడారం వేత్రవతి రేవు పక్కన. మధ్యాహ్నపు ఎండలో గుర్రాల చెమట వాసన వీధి మొదట్లోకే వస్తోంది. వసుల వీణ పట్టుకున్న దాసితో పల్లకి దిగింది. మాసక్ ఎదురొచ్చాడు. ఎర్రటి గడ్డం, మోకాళ్ళ దాకా తోలు చెప్పులు.

"రా గొడుగమ్మా. మా దేశంలో గుర్రానికి పళ్ళు చూసి కొంటాం. మీ దేశంలో మనిషికి ఏం చూస్తారు?"

"ఎవరి కట్టుగొయ్యకి కట్టిందో చూస్తాం."

వాడు పడీపడీ నవ్వాడు. నవ్వుతున్నప్పుడు వాడి చేతులు చూసింది వసుల. రెండు అరచేతులకీ గుడ్డ చుట్టుకున్నాడు. కళ్ళెం ఒరుసుకుపోయింది అన్నాడు. పదేళ్ళ వయసు నుంచి కళ్ళెం పట్టినవాడికి చెయ్యి ఒరుసుకుపోవడమేమిటి?

రెండు పాటలు పాడింది. వాడు ద్రాక్షసారా మూడు గిన్నెలు తాగాడు. గుర్రాలు చూపించమని గునిసింది. వాడు సంతోషపడ్డాడు. గుర్రాలవాళ్ళందరి వీపు గోకాల్సిన చోటు అదే. ఒక్కొక్క గుర్రం వంశం చెప్పుకుంటూ నడిపించాడు. చివరి కొట్టానికి చాప కట్టి ఉంది.

"అదేమిటి?"

"కడుపునొప్పి పిల్ల. చూడకు, దిష్టి."

ఇంతలో పనివాడెవడో పిలిస్తే మాసక్ వెనక్కి తిరిగాడు. వసుల చేతి గాజు జారవిడిచింది. గాజు చాప కిందికి దొర్లింది. దాని కోసం వంగింది.

గుర్రప్పిల్ల చచ్చి పడుంది. పాలు తాగే వయసు. నుదుటి మీద బెత్తెడు మేర జుట్టు గొరిగి ఉంది. గొరిగిన చోట తెల్లగా ఎండిన పూత. వసుల చిటికెన వేలు ఆ పూత మీద పెట్టి తీసింది. చందనం వాసన. నాలుగు అడుగులు వేసేలోపు వేలి మీద చీమలు పాకినట్టయింది. పది అడుగులకి అసలు వేలే లేనట్టయింది.

వసనాభి. మంచు కొండల వేరు. తినక్కర్లేదు. తడి చర్మానికి రాస్తే చాలు, కంటికి రాస్తే మరీ చాలు. తక్షణం చంపదు. ఒక ఝాము ఆగి, గుండెని పట్టుకుంటుంది.

తిరిగి పరుపు మీద కూర్చునేటప్పుడు దిండు మీద ఒక తెల్లటి వెంట్రుక కనిపించింది. మూరెడు పొడవు. చమరీమృగం తోక వెంట్రుక. రాజుగారి వింజామరలో ఉండేది అదే. ఆ వింజామర విసిరేది రేవత. కొలువులో వసులకి ఎడమ పక్క నిలబడే రేవత. విదిశలో మగాళ్ళు మెడలు తిప్పి చూసేది ఆమెనే.

మాసక్ గడ్డం దువ్వుకుంటూ అన్నాడు: "మీ చెల్లెలట కదా చందనం గిన్నె పట్టేది. ముందు తను పూసుకుంటుందట కదా. కన్ను, గొంతు, మోచెయ్యి. మంచి ఆచారం. మీ రాజుగారు జాగ్రత్తపరుడు."

వసుల నవ్వింది. ఆ నవ్వు ఆమెకి గణికల బడిలో నేర్పారు. ఎముకలు విరిగినా చెదరదు.

దూరం నుంచి చూసే జనానికి ఆ వరుస తెలియదు, గిన్నె దగ్గర నిలబడేవాళ్ళకే తెలుసు. అంటే గిన్నె దగ్గర నిలబడే ఆడదే ఎవరో వాడికి చెప్పింది.

*

"ఒకటి," అన్నాడు పుష్యగిరి అంతా విని.

"ఏమిటి ఒకటి?"

"వార్త. ఒక్కటి వచ్చింది. ఇంకా రెండు రావాలి."

శాఖ సూత్రం ఆమెకి తెలుసు. ముగ్గురు వేగులు, ఒకరి సంగతి ఒకరికి తెలియకుండా, ఒకే మాట చెబితే నమ్ము. మాటలు కలవకపోతే, కలవని వేగుని చప్పుడు లేకుండా తీసెయ్. ఈ సూత్రం రాసినవాడు పండితుడు. ఏ కొట్టంలోనూ వంగి చూసినవాడు కాదు.

"అయ్యా, నా వేలు చూడండి. ఇంకా తిమ్మిరిగానే ఉంది."

"వేలు నీదేగా. నీ వేలు నీ మాటే చెబుతుంది." ఆకురాయి తీసుకున్నాడు. "నిన్న ఇంకో మనిషి వార్త తెచ్చింది. మాసక్ కడిగిన ముత్యం అంది."

"రేవతే కదూ."

"నేను పేరు చెప్పలేదు."

"వాడి దిండు మీద ఆమె వింజామర వెంట్రుక ఉంది."

"ఉత్తరాది వర్తకుడి ఇంట్లో చామరం వెంట్రుక ఉండక ఏనుగు తొండం ఉంటుందా? మనకి చామరాలు అమ్మేదే వాళ్ళు." గోనెపట్టా సర్దాడు. "నీ మాటా కొట్టిపారెయ్యలేదులే. రాజుగారికి ఏమీ కాకుండా ఏర్పాటు చేస్తాను. మీ చెల్లెలు పూసుకున్నాక గిన్నె పురోహితుడి చేతికి వెళ్ళేలోపు మారిపోతుంది. శుభ్రమైన గిన్నె మన మనిషి దగ్గర సిద్ధంగా ఉంటుంది."

గిన్నె చెయ్యి మారేది ఒక్క చోటే. వింజామర దగ్గర. ఆ మన మనిషి ఎవరో వసులకి అర్థమైంది. దొంగ చేతికే తాళం ఇస్తున్నాడు.

"ఆమె మార్చదు అయ్యా. మాసక్ మనిషి ఆమె. రాజుగారు కూడా పోతారు."

"అలా అని రెండోవాడు కూడా చెబితే నమ్ముతాను."

"సరే. మా చెల్లెలి గిన్నె ముందే మార్చండి. అది ముట్టుకోకముందే."

"మారిస్తే దానికేం కాదు."

"అదే కదా నేననేది."

"దానికేం కాకపోతే మూడో వార్త ఎక్కడ్నించి వస్తుంది?"

వసుల అతని ముఖంలోకి చూసింది. పుష్యగిరి తప్పు చేసినవాడిలా లేడు. లెక్క సరిపోయినవాడిలా ఉన్నాడు.

"చూడు అమ్మాయ్. మాసక్ రాజుగారి అతిథి. ఒక గణిక మాట పట్టుకుని అతిథిని కడితే రేపు నా తల ఉండదు. కుండకి పురోహితుడి ముద్ర పడింది, విప్పి చూస్తే దైవద్రోహం. చకోరానికి వాసన చూపిద్దామంటే చకోరం లేదు. మీ చెల్లెలు చందనం పూసుకుంటుంది. సాయంత్రానికి దానికి ఏమైనా అయితే నీ మాట నిజం. ఏమీ కాకపోతే రేవ... ఆ రెండో మనిషి మాట నిజం. అప్పుడు నీ సంగతి చూడాల్సి వస్తుంది."

"అంటే మా చెల్లి ఇసిల చావాలి, లేకపోతే నేను చావాలి."

"నేను అలా అనలేదు," అన్నాడు. నిజమే. ఇలాంటివాళ్ళు ఏదీ అలా అనరు.

*

ఇసిలకి పద్దెనిమిది దాటింది. వసులని కన్న కడుపే దాన్నీ కని పోయింది. దానికి మాటలు నేర్పింది వసుల, నడక నేర్పింది వసుల, బడిలో తాళం తప్పితే దెబ్బలు తనే తిన్నది వసుల. ఇప్పుడు ఇసిల రాజుగారి స్నానశాలలో దాసి. పండక్కి మూడు రోజుల ముందు నుంచి అభిషేకం దాసీలని దీక్ష ఇంట్లో పెట్టి తలుపు వేస్తారు. మైల తగలకూడదు. బయటివాళ్ళు లోపలికి పోకూడదు, లోపలివాళ్ళు బయటికి రాకూడదు.

అక్కాచెల్లెళ్ళకి చిన్నప్పటి నుంచి ఒక గుర్తు ఉంది. దువ్వెనలో నడిమి పన్ను విరిగి ఉంటే: జ్వరం తెచ్చుకో, పడుకో, లేవకు. బడి ఎగ్గొట్టడానికి కనిపెట్టుకున్నారు. తర్వాత అది శాఖ పనికీ పనికొచ్చింది. వసుల పుష్యగిరి ఇచ్చిన దువ్వెనకే నడిమి పన్ను విరిచి, చాకలామె మూటలో పెట్టి పంపింది.

గడియ తిరక్కుండానే దువ్వెన వెనక్కొచ్చింది.

"లోపలికి రానివ్వలేదమ్మా," అంది చాకలామె. "దంతమంటే ఎముకే కదా, ఎముక దీక్ష ఇంట్లోకి మైల అన్నారు. నన్ను కూడా తలకి పోసుకోమన్నారు."

పదేళ్ళుగా వసుల దంతపు దువ్వెనల్లోనే కబుర్లు మోసింది. అంతఃపురంలోకి, కారాగారంలోకి, యవనుల గుడారంలోకి కూడా. ఎక్కడా ఆగలేదు. చెల్లెలి గుమ్మం దగ్గర ఆగింది. చెక్క దువ్వెన పంపాలని తట్టలేదు. ఈ ఊళ్ళో దువ్వెన అంటే దంతమే. మళ్ళీ పంపుదామంటే చాకలామె చేతులు జోడించింది.

తనే వెళ్ళింది. దీక్ష ఇంటి గోడ నిలువెత్తు. గుమ్మంలో ధాన్యపు కొట్టు ముసలి సిరిమ పండగ కాపలాకి కూర్చుని ఉంది. ఒకప్పుడు వెల్లగొడుగు సిరిమదే. వసులకి గొడుగు పట్టడం నేర్పిందీ ఆమే. ఆమె కుడిచేతికి బొటనవేలు లేదు.

"లోపలికి పంపను. అడక్కు," అంది సిరిమ.

"మాట్లాడనీ అత్తా. గోడ మీంచే. నువ్వు వింటూండు."

"వినకుండా ఎలా ఉంటాను? చెవులు కొయ్యలేదు కదా."

వసుల గోడకి దగ్గరగా నిలబడి పిలిచింది. లోపల్నుంచి గలగలమని వచ్చింది ఇసిల గొంతు.

"అక్కా, ఉప్పు లేని సత్తుపిండి తినీ తినీ నాలుక మీద నాచు పట్టింది. దొంగతనంగా ఒక ఊరగాయ ముక్క విసురు. సిరిమత్త చూడకపోతే సరి."

"చూస్తున్నాను," అంది సిరిమ.

"అయితే రెండు విసురు. ఒకటి ఆవిడకి."

వసుల గోడ మీద చెయ్యి పెట్టింది. "ఇసీ. రేపు చందనం కొంచెమే తీసుకో."

"కొంచెమా? కొంచెం తీసుకుంటే పురోహితుడు మళ్ళీ పూసుకోమంటాడు. మూడు చోట్లా తడి కనపడాలట. పోయినేడు కంటికి సరిగా పట్టలేదని రెండుసార్లు రాయించాడు గుర్తుందా? కన్ను రెండు రోజులు మండింది."

"జ్వరంగా ఉందని చెప్పు."

లోపల నవ్వు ఆగింది. ఇసిల తెలివితక్కువది కాదు.

"అక్కా. నేను పడుకుంటే గిన్నె మాలికకి ఇస్తారు. దానికి ఇంకా పాలపళ్ళు ఊడటమే పూర్తికాలేదు." అడుగుల చప్పుడు గోడకి దగ్గరగా వచ్చింది. తర్వాత మెల్లగా అడిగింది. "ఏమైందక్కా?"

చెప్పొచ్చు. చెబితే సిరిమ వింటుంది. విన్నది చెప్పకపోతే సిరిమకి రెండో బొటనవేలు కూడా ఉండదు. చెప్పినా ఇసిల ఏం చేస్తుంది? గిన్నె ముట్టను అన్న దాసికి వెయ్యి దెబ్బలు. రెండు వందలకే మనిషి చచ్చిపోతుంది, మిగతావి శవానికి కొడతారు. లెక్క పూర్తి కావాలి కదా.

"ఏం లేదు," అంది వసుల. "కల వచ్చింది."

"నీకు మంచి కల ఎప్పుడొచ్చింది గనక? ఊరగాయ మర్చిపోకు."

వెనక్కి తిరిగింది. సిరిమ చేటలో రాళ్ళు ఏరుతూ, నేలతో మాట్లాడినట్టు అంది:

"నాకు గొడుగు ఎందుకు జారిందో ఇన్నేళ్ళలో ఎవరూ అడగలేదు."

వసుల ఆగింది.

"గాలి అని రాసుకున్నారు. ఆ రోజు ఆకు కదల్లేదు." ఒక రాయి ఏరి పారేసింది. "గొడుగు నేలని తాకితే ఆ రోజు క్రతువుకి ముట్టిందంతా ఏట్లో కలిపేస్తారు. పాలు, పూలు, అన్నీ. ఆ రోజు ఏనుగు కాళ్ళ కింద వెయ్యడానికి ఒకణ్ణి తెచ్చారు. ముహూర్తం తప్పింది. తర్వాత వాణ్ణి మర్చిపోయారు. ఎక్కడో బతికే ఉంటాడు."

"ఎవరత్తా అతను?"

"ఎవరైతే ఏం? బొటనవేలు పోతే చేట పట్టుకోవడం కష్టం. అలవాటవుతుంది. పో, తలుపు దగ్గర నిలబడకు."

*

పండగనాడు పొద్దున్నే వేత్రవతి ఒడ్డున వేదిక. జనం చెట్లెక్కి కూర్చున్నారు. దక్షిణం గాలి లేదు, ఉత్తరం గాలి లేదు. జెండాలు చచ్చిన పాముల్లా వేలాడుతున్నాయి.

అలంకారపు గుడారంలో రేవత వసుల పక్కనే కూర్చుని పారాణి పెట్టించుకుంటోంది. దాసి నీళ్ళకి వెళ్ళింది.

"ఏమే వసులా, ముఖం అలా ఉందేం? గొడుగు బరువెక్కిందా?"

"నీ నడుము దగ్గర గిన్నె బరువా, తేలికా?"

రేవత చెయ్యి కదల్లేదు. అద్దంలోంచి చూసింది. ఎంత అందమైన మనిషో అంత అలిసిపోయిన మనిషి.

"తెలుసన్నమాట. చెప్పావా?"

"చెప్పాను. ఒకటి అన్నారు."

"నాకూ ఒకటే అన్నారు." నవ్వింది. "పన్నెండేళ్ళు విసిరానే ఆ చామరం. చెయ్యి భుజం పైకి లేవడం లేదు. ఇంకో ఏడాదికి ధాన్యపు కొట్టుకి తోలేస్తారు. మాసక్ నన్ను తీసుకుపోతానన్నాడు. ఎవరి కట్టుగొయ్యా లేని చోటికి. ఎవడైనా నీకు ఆ మాట అన్నాడా? నాకు అన్నాడు."

"ఇసిల నీ చేతుల్లో పెరిగింది రేవతా. దానికి జడ వేశావు."

"విరుగుడు ఇస్తానన్నాడు దానికి. సాయంత్రంలోపు."

"గుర్రప్పిల్లకి ఇచ్చాడా?"

రేవత అద్దం బోర్లించింది. దాసి నీళ్ళతో వచ్చింది. శంఖం ఊదారు.

వేదిక మీద రాజుగారు పీట మీద కూర్చున్నారు. పేరెందుకు, రాజే. వెనక వసుల, చేతిలో వెల్లగొడుగు. ఎడమ పక్క రేవత, చామరం. ఎదురుగా అతిథుల వరసలో మాసక్, చేతులకి గుడ్డ లేదు, కొత్త చేతితొడుగులు. జనంలో దువ్వెనల గంప పట్టుకుని పుష్యగిరి. రాజుగారి చెవి వసులకి మూరెడు దూరంలో ఉంది. ఒక్క మాట చాలు. గొడుగు కింద నోరు విప్పిన గణిక నాలుక కోస్తారు. కోసినా ఫరవాలేదు. కానీ విప్పిన మాట ఒకటే అవుతుంది. ఇంకా రెండు కావాలి అంటారు.

పాలు పోశారు. పెరుగు పోశారు. ఏడు నదుల నీళ్ళు పోశారు. పురోహితుడు కుండ ముద్ర పగలగొట్టాడు. చందనం వాసన గుప్పుమంది.

ఇసిల వచ్చింది. వెండి గిన్నె. తడి చీర. ఉప్పు లేని తిండికి ముఖం పీక్కుపోయింది. అక్కని చూసి కనుబొమ్మ ఎగరేసింది: ఊరగాయ ఏదీ?

వసుల కళ్ళతో కాదు కాదు అంది. అలాంటి గుర్తు వాళ్ళ మధ్య ఏదీ లేదు. అన్నీ దువ్వెనలతోనే నేర్చుకున్నారు. ఇసిలకి అర్థం కాలేదు.

ఇసిల రెండు వేళ్ళు గిన్నెలో ముంచింది. తెల్లటి చందనం వేళ్ళ మీద నిగనిగలాడింది. పురోహితుడు "కంటికి" అన్నాడు. చెయ్యి పైకి లేచింది. గడ్డం దాటింది. ముక్కు దాటింది. కళ్ళు మూసుకుంది. రెప్పకీ వేలికీ మధ్య గోధుమగింజ మందం సందు.

పదేళ్ళలో మొదటిసారి వసుల పిడికిలి విప్పింది.

వెల్లగొడుగు ఒక్కసారిగా పడలేదు. మెల్లగా వాలింది, ఆలోచిస్తున్నట్టు. రాజుగారి భుజం మీంచి జారి, పీట అంచుకి తగిలి, పాలూ పెరుగూ నిండిన బురదలో బోర్లా పడింది.

చెట్ల మీద జనం కొమ్మలు వంచి చూశారు.

ఇసిల కళ్ళు తెరిచింది. వేళ్ళు అక్కడే ఆగిపోయాయి.

"అపశకునం," అన్నాడు పురోహితుడు. "ఆపండి. అంతా ఆపండి. ఏదీ ముట్టొద్దు. ముట్టినదంతా ఏట్లోకి."

రేవత చామరం ఊపడం మానేసింది. మాసక్ లేవబోయి, అందరూ చూస్తారని మళ్ళీ కూర్చున్నాడు. వసుల ఖాళీ చేతులు ముందుకి పెట్టుకుని నిలబడింది. ఎవరో ఆమె జుట్టు పట్టుకుని కిందికి లాగారు. లాగుతుంటే చూసింది: ఇసిల మెట్లు దిగి ఏటి ఇసకలో వేళ్ళు రుద్దుకుంటోంది. రుద్దుకుంటూనే ఉంది. అర్థమైంది దానికి. అప్పటికి అర్థమైంది.

పూలు ఏట్లో వేశారు. పాలకుండలు బోర్లించారు. చందనం కుండని ఇద్దరు ఎత్తి రేవు మడుగులో వదిలేశారు. నీళ్ళు తెల్లబడ్డాయి.

పురోహితుడు కొత్త ముహూర్తం ఇంకా లెక్కపెడుతూనే ఉన్నాడు, మడుగు మీద ఒక చేప తేలింది. తెల్లటి కడుపు పైకి పెట్టి. పక్కనే ఇంకొకటి. జనం గొడుగుని వదిలేసి చేపల్ని చూడటం మొదలుపెట్టారు. మూడోది తేలగానే పుష్యగిరి దువ్వెనల గంప కింద పడేసి సైగ చేశాడు. బంట్లు మాసక్ రెండు చేతులూ వెనక్కి విరిచారు.

*

మాసక్‌ని ఆ సాయంత్రమే ఏనుగు దగ్గరికి తీసుకెళ్ళారు. ఈసారి ముహూర్తం తప్పలేదు. నలభై గుర్రాలూ రాజుగారి లాయంలోనే ఉన్నాయి. గుర్రాల మీద ఎవరికీ అనుమానం లేదు.

మర్నాడు చామరం ఇంకెవరో విసిరారు. రేవత ఏదీ అని ఎవరూ అడగలేదు. శాఖలో మనిషిని చప్పుడు లేకుండా తీసేశారంటే అడగకపోవడమే చప్పుడు లేకపోవడం.

గొడుగు ఎందుకు జారిందని వసులనీ ఎవరూ అడగలేదు. గాలి అని రాసుకున్నారు. గాలికి శిక్ష లేదు కాబట్టి కుడిచేతి బొటనవేలికి వేశారు. ఇప్పుడు ధాన్యపు కొట్లో సిరిమ పక్కన కూర్చుని యవలు చెరుగుతోంది. చేట మొదట్లో జారేది. అలవాటవుతోంది.

ఇసిల అప్పుడప్పుడు వస్తుంది, కొంగు చాటున ఊరగాయ పెట్టుకుని. దాని రెండు వేళ్ళకి ఇప్పటికీ స్పర్శ లేదు. వేడి గిన్నె పట్టుకున్నా తెలియదు. దాసి వేళ్ళు కనక ఎవరూ చూడలేదు, ఎక్కడా రాయలేదు. కొత్త ముహూర్తానికి కొత్త చందనం వచ్చినప్పుడు ఆ వేళ్ళతోనే ముందు తను పూసుకుంది. కన్ను, గొంతు, మోచెయ్యి. వసుల కొట్లో కూర్చుని సాయంత్రం దాకా చెరిగిన యవలే మళ్ళీ చెరిగింది. చీకటి పడ్డాక గుమ్మంలో ఇసిల నవ్వు వినపడ్డాక చేట దించింది. వచ్చే ఏడు మళ్ళీ పండగ ఉంది.

వంటశాలకి కొత్త చకోరం వచ్చింది. ఈసారి రెండు కొన్నారు, ఒకటి పోయినా ఇంకొకటి ఉంటుందని. అవి అన్నం మాత్రమే చూస్తాయి. చందనానికి ఇసిల ఉందిగా.

పుష్యగిరికి పైనుంచి మెప్పు వచ్చింది, చేతికి కడియం వచ్చింది. కుట్ర భగ్నం చేసిన నివేదిక అతనే రాశాడు. సూత్రం ఎక్కడా తప్పలేదు. ఒకరి సంగతి ఒకరికి తెలియని ముగ్గురు ఒకే మాట చెప్పారని రాశాడు. కింద సాక్షుల పట్టీ.

మొదటి సాక్షి, చేప. రెండో సాక్షి, చేప. మూడో సాక్షి, చేప.